గోడకిచ్చిన కాగితం

ప్రతి గురువారం పొద్దున నేను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే నా ఫోను ఒకసారి మోగుతుంది. కోయంబత్తూరు నుంచి మా తమ్ముడి కూతురు కయల్ పంపే జాబితా అది. ఈ శనివారం ఫలానా హాల్లో వీణ కచేరీ, ఆదివారం తెల్లారగానే పది కిలోమీటర్ల పరుగు, ఆ సాయంత్రం కుక్కల ప్రదర్శన, వచ్చే వారం బిర్యానీ పండగ. ఊళ్లో ఏమేం జరగబోతున్నాయో జనానికి ఫోన్లలో చెప్పడమే ఆ పిల్ల పనిచేసే కంపెనీ వ్యాపారం. నేనుండేది గుంతకల్లులో. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేరి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే రిటైరయి, మోకాళ్లు అరిగి కూర్చున్నదాన్ని. పది కిలోమీటర్ల పరుగు నాకెందుకని ఒకసారి విసుక్కున్నాను. "సుమ్మా, ఊరికే చూడు అత్తా, ఊరు మర్చిపోకుండా వుంటావు" అంది. పుట్టిపెరిగిన ఊరిని మర్చిపోవడం నా చేతిలో ఉందనుకుంటోంది పాపం. అయినా చదువుతాను, పైనుంచి కింద దాకా ఒక్కటీ వదలకుండా. జరగబోయేవాటిని చదవడం మా ఇంటి జబ్బు.

మా నైనా కోయంబత్తూరులో గోడలకి పోస్టర్లు అంటించేవాడు. మా వైపు తండ్రిని నైనా అంటాం. మా వాళ్లు ఎన్ని తరాల కిందట ఆ ఊరు చేరారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. బళ్లో నేర్చుకున్నది తమిళ అక్షరాలే. తెలుగు అక్షరాలు నాకు ఇరవై దాటాక, గుంతకల్లు ప్లాట్‌ఫారం బోర్డుల మీద, మందుసీసాల చీటీల మీద వచ్చాయి. అందుకని ఇందులో తప్పులుంటే ఆ బోర్డులు రాసినవాళ్లని అడగండి. నైనాకి ఏ అక్షరమూ రాదు. కొత్త పోస్టర్ల కట్ట రాగానే ఒకటి విప్పి నా ముందు పరిచేవాడు. "ఏమి రాసుండాది పాపా? ఏ పొద్దు, యాడ?" అని అడిగేవాడు. నేను తమిళంలో చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఒకసారి చెబితే చాలు, ఇక మర్చిపోడు. సర్కసు ఎప్పుడు దిగుతుంది, నాదస్వరం కచేరీ ఏ మండపంలో, కుస్తీ పోటీ ఏ మైదానంలో, పూల ప్రదర్శన ఎన్నాళ్లు, ఏడు రోజులు దిగకుండా సైకిలు తొక్కే మనిషి ఏ వీధిలో తొక్కుతాడు, ఊరంతటికంటే పది రోజులు ముందు మా నైనాకి తెలిసేది. కానీ ఆయన వాటిలో ఒక్కదానికీ వెళ్లలేదు. కచేరీ జరిగే ఆదివారం ఆయన ఆ పై ఆదివారం పోస్టర్లు అంటిస్తూ ఉండేవాడు. మా అమ్మ ఆయన్ని ఆటపట్టించేది, "మీ నైనా ఎప్పుడూ వచ్చే వారంలోనే కాపురం చేస్తాడు, ఈ వారం మనకి కనబడడు" అని.

బంక కాచడం అమ్మ పని. బంకని మేం పశ అనేవాళ్లం. ఉక్కడం దగ్గర మా లైను ఇళ్ల సందులో మూడు రాళ్లు పెట్టి, పెద్ద రేకు డబ్బాలో నీళ్లు మరిగించి, మైదా కలిపి, ఉండ కట్టకుండా కర్రతో తిప్పుతూ నిలబడేది. అందులో మైలుతుత్తం నూరి పోసేది. ఆ నీలం పొడి పడితే మేకలూ ఆవులూ పోస్టర్ల జోలికి రావు, పురుగు పట్టదు. మామూలుగా అది చివర్లో వెయ్యాలి. మా అమ్మ మాత్రం మైదా కంటే ముందే నీళ్లలో వేసేసేది. మైదా ఉడుకుతుంటే వచ్చే వాసన అన్నం వాసనకి దగ్గరగా ఉంటుంది, ఇంట్లో ఏమీ లేని రోజున మాకు నోరూరేది. ముందుగానే నీలం రంగు చూస్తే మేం దాని దగ్గరికి పోమని ఆమె లెక్క. ఇది నాకు పెద్దయ్యాక తెలిసింది. అమ్మ గోళ్లు ఎప్పుడూ కాస్త నీలంగా ఉండేవి. మైదా, తుత్తం, అచ్చు సిరా, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇల్లు. ఆసుపత్రిలో చేరిన కొత్తల్లో స్టెరిలైజ్ చేసే గదిలో ఆవిరి కొట్టినప్పుడల్లా ఎందుకో ఆ సందు గుర్తొచ్చి కళ్లు తుడుచుకునేదాన్ని.

నైనా అంటించిన పోస్టరు ఊడదని ఊళ్లో పేరు. టౌన్‌హాలు నుంచి ఆర్.ఎస్. పురం మీదుగా మేట్టుపాళయం రోడ్డు దాకా గోడలన్నీ ఆయనవే. ముందు గోడకి బ్రష్షుతో పశ పూసి, కాగితం పరిచి, మళ్లీ దాని మీద పశతో ఒక పూత పూసేవాడు. వాన పడ్డా, పిల్లలు గోళ్లతో గీకినా అంచు కూడా లేచేది కాదు. అచ్చాఫీసువాళ్లు ఆయన్నే పిలిపించేవాళ్లు. ఆ పనిలో ఆయనకి రెండు నియమాలుండేవి. చనిపోయినవాళ్ల కోసం ఫొటో వేసి అంటిస్తారే, ఆ కాగితం మీద పదహారు రోజులు నిండేదాకా ఇంకో కాగితం అంటించడు. ఎంత పెద్ద మనిషి కచేరీ అయినా సరే, ఆ మూర చోటు వదిలేసి చుట్టూ అంటించేవాడు. రెండోది, పోస్టరు ఏదీ ఇంట్లో ఉంచనివ్వడు. మిగతా పోస్టర్లోళ్ల పిల్లలు పుస్తకాలకి ఆ కాగితాలతోనే అట్టలు వేసుకునేవాళ్లు. మా పుస్తకాలకి అట్టలే ఉండేవి కావు. "గోడకిచ్చిన కాయితం గోడకే పోవాల. ఆ ఆదివారం అయిపోతే అది పీనిగ కాయితం. అయిపోయిన పొద్దుని ఇంట్లో పెట్టుకుంటారా ఎవురైనా" అనేవాడు. ఈ రెండు నియమాలూ ఒకే మనిషివా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాను. చచ్చినవాళ్ల కాగితాన్ని అంత గౌరవించినవాడు, గడిచిన రోజు కాగితాన్ని గడప తొక్కనివ్వలేదు.

మా ఇంట్లో పెద్దవాడు నాగన్న. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ తరవాత పుట్టిన ఇద్దరు దక్కలేదు, ఆ పైన నేను, నా వెనక తమ్ముడు మణి. నాగన్న పీలమేడులో నూలు మిల్లుకి వెళ్లేవాడు, సాయంత్రాలు మైదానంలో చెడుగుడు ఆడేవాడు. కూతకి వెళ్తే ఊపిరి పట్టడంలో వాడికి ఎదురు లేదనేవాళ్లు. ఇంట్లో కూడా అంతే, స్నానానికి నీళ్లు తోడుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ ఒకటే కూత. నేను అన్నం తిననని మొండికేస్తే నా చుట్టూ కూత పెట్టి తిరిగేవాడు, "నా ఊపిరి ఆగేలోగా గిన్నె ఖాళీ కావాల" అని. నేను నవ్వు ఆపుకోలేక తినేసేదాన్ని. ఆ ఏడు వాడి జట్టు ఊరి పెద్ద పోటీకి ఎంపికయింది. పోటీ జరిపేవాళ్లు ఆ ఏడుగురినీ వరసగా నిలబెట్టి ఫొటో తీయించి పోస్టరులో వేయించారు. ఆ కట్ట మా ఇంటికే వచ్చింది, అంటించడానికి.

నైనా ఎప్పటిలాగే ఒకటి విప్పి నా ముందు పరిచాడు. ఈసారి ఏ పొద్దు, యాడ అని అడగలేదు. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. అమ్మ చేతులు చీరకి తుడుచుకుని వచ్చి వంగి చూసింది, మణిని ఎత్తుకుని వాడికి చూపించింది. అప్పటికి మా ఇంట్లో ఎవరికీ ఒక్క ఫొటో లేదు. స్టూడియోకి పోవాలని అనుకోవడమే, నాగన్న పెళ్లికి అందరం కలిసి తీయించుకుందామని వాయిదా. అమ్మ మెల్లిగా అడిగింది, "ఒకటి మనకి పెట్టుకుందామా? ఒకటే." నైనా కట్టని మళ్లీ చుట్టేశాడు. "ఒద్దు. ఈ పిలకాయల కోసం అని ఇప్పుడు పెట్టుకుంటే రేపు అన్నీ పెట్టుకోవాల. వాడే ఇంట్లో వుండాడే, కాయితం ఎందుకు నీకు" అన్నాడు. అమ్మ పశ డబ్బా దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాటలో తప్పేముంది, మనిషి ఎదురుగానే ఉన్నాడు కదా.

మర్నాడు తెల్లవారి నేను కూడా నైనాతో వెళ్లాను, బడికి సెలవు. మేట్టుపాళయం రోడ్డులో ఒక మిల్లు ప్రహరీకి కొత్తగా సున్నం వేశారు. ఆ తెల్లటి గోడ మీద మొదటి కాగితం మనదే కావాలని ఆయన ముందు అక్కడికే వెళ్లాడు. మామూలు కంటే చిక్కగా, కాగితం కిందే రెండు పూతలు పూశాడు. కాగితం పరిచి బ్రష్షుతో అన్ని వైపులా సాపు చేశాడు. నాగన్న మొహం దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు పక్కన పెట్టి అరచేత్తో అద్దాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. బ్రష్షు వెంట్రుకలు గరుకుగా ఉంటాయి మరి. ఆ రోజు ఎన్ని గోడలో, అన్నిటి మీదా అదే. ఇంటికి వచ్చేసరికి ఆయన కుడి అరచెయ్యి తడి సిరాతో నల్లగా ఉంది. అమ్మ సబ్బు తెచ్చిచ్చి, "ఏమి, పశతో అంటిస్తివా, చేత్తో అంటిస్తివా" అని నవ్వింది. ఆయనా నవ్వాడు. మా నైనా పళ్లు కనబడేలా నవ్వడం నేను చూసింది తక్కువ.

పోటీ రోజు అమ్మా నేనూ మణీ వెళ్లాం. నైనా రాలేదు. ఆ తరవాతి ఆదివారానికి నాటకం పోస్టర్లు ఉన్నాయి. "సాయంకాలానికి వచ్చేస్తా" అన్నాడు, రాలేదు. నాకు ఆ ఆట గురించి మిగిలింది వాడి వీపు మీది ఎర్రమట్టి, మడమల పగుళ్లు, ఆ కూత. గెలిచారో ఓడారో కూడా సరిగా గుర్తులేదు, గెలిచారనే అనుకుంటాను. ఆ వారంలోనే పోస్టర్ల మీద నాటకం పోస్టరు పడింది, దాని మీద ఇంకోటి. అంటించింది నైనానే. అది ఆయన పని.

నాలుగు నెలలకి నాగన్నకి పచ్చకామెర్లు వచ్చాయి. ముందు పసరు మందు పోశారు, తరవాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పది రోజులు. నేను తరవాత నర్సునై ఎందరికో కామెర్లు తగ్గడం చూశాను, తగ్గిన ప్రతిసారీ సంతోషంతో పాటు మావాడికెందుకు తగ్గలేదన్న కుళ్లు పుట్టేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వాణ్ణి పాతిపెట్టి వచ్చిన మూడో రోజున అమ్మ గోడకి కొట్టి ఉన్న ఖాళీ మేకుని చూపించింది. పదహారో రోజున ఫొటోకి దండ వేసి దీపం పెట్టాలి. దండ వేయడానికి వాడి మొహం కావాలి. మాట నైనాతోనే, కానీ ఆయన వైపు చూడకుండా మేకు వైపు చూస్తూ అంది, "ఒకటే కద నేను అడిగింది."

ఆ మాట తరవాత నైనా ఇంట్లో కూర్చోలేదు. ముందు పోటీ జరిపినవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఫొటో అచ్చుకిచ్చాం, తిరిగి రాలేదన్నారు. అచ్చాఫీసులో ఆ ఫొటోకి చేసిన లోహపు బ్లాకుని కరిగించి వేరే పనికి వాడేశారు. మిగతా ఆరుగురు పిల్లల ఇళ్లకీ వెళ్లాడు, అందరివీ మా లాంటి ఇళ్లే, ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఇక మిగిలినవి గోడలు. ఏ గోడ మీద అంటించాడో, దాని పైన ఏవేవి పడ్డాయో ఆయనకి నోటికి వచ్చు. పనికి వెళ్లే ముందు తెల్లవారుజామునే ఒక గోనెపట్ట, నీళ్ల బకెట్టు, పల్చటి రేకు పట్టీ తీసుకుని బయలుదేరేవాడు. నీళ్ల చెంబు పట్టుకుని నేనూ వెంట నడిచేదాన్ని. తడిగోనె గోడకి ఒత్తిపెట్టి నానాక పట్టీతో గీకేవాడు. పైవి వచ్చేవి. పొరలు పొరలుగా సర్కసు, కచేరీ, సైకిలు మనిషి ఊడి నేల మీద పడేవి. చెడుగుడు పోస్టరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాగితం గోడని వదిలేది కాదు. గీకితే పేలికలై, ముద్దయి వచ్చేది. కొడుకు బొమ్మని రెండు పూతల పశతో అంటించాడు కదా. నాగన్న చెవి ఒక గోడ దగ్గర, భుజం ఒక గోడ దగ్గర ముద్దయి పట్టీకి అంటుకుని వచ్చాయి. ఆర్.ఎస్. పురంలో ఒక గోడ దగ్గర ఆయన పట్టీ పారేసి నేల మీద చతికిలబడ్డాడు. "నా పశ ఊడదు పాపా" అన్నాడు. ఊరంతా మెచ్చుకుంటూ చెప్పే మాటని ఆయన ఏడుస్తూ చెప్పడం చూశాను. నాకు తొమ్మిదేళ్లు, ఏం చెయ్యాలో తెలియక చెంబులో మిగిలిన నీళ్లు ఆయన చేతుల మీద పోశాను.

పదిహేనో రోజున మేట్టుపాళయం రోడ్డులో మిల్లు గోడ ఒక్కటే మిగిలింది. భయపడి ఆయన దాన్ని చివరికి ఉంచుకున్నాడని నాకనిపిస్తుంది. అక్కడ అడుగు పొర మాదే, పైన పది పన్నెండు పొరలు. గోనె తడిపి గంటసేపు ఒత్తిపట్టుకున్నాడు. పట్టీ అంచు లోపలికి దూర్చగానే సున్నం పెచ్చుతో సహా మొత్తం దిమ్మలాగా ఊడి ఆయన చేతుల్లో పడింది. రెండు మూరల వెడల్పు, వేలెడు మందం. సరిగ్గా ఆ ఏడుగురూ నిలబడ్డ భాగమేనని ఆయన కొలిచి చూసుకున్నాడు. పైకి మాత్రం సర్కసు ఏనుగు కనబడుతోంది, ఎత్తుపీట మీద ఒక కాలు పెట్టి నిలబడ్డ సగం ఏనుగు. దాన్ని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లు చేరాడు.

అమ్మ పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక మూల ముంచింది. పై పొర కాస్త లేచింది. దాని కింది పొర రంగు కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. ఇంకాసేపు ఉంచితే మూల మొత్తం మెత్తబడి వేళ్లకి అంటుకుంది. అమ్మ చప్పున పైకి తీసి కొంగుతో ఒత్తింది. నైనా, "మెల్లిగా తీస్తే రావచ్చు" అన్నాడు. "ఒద్దు, చాలు. లోపల వుండాడు. వుండనీ" అంది. పదహారో రోజున ఆ దిమ్మకి దారం కట్టి మేకుకి తగిలించి దండ వేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దండ వేసిన పటం అంటే సగం ఏనుగే. కొత్తగా వచ్చినవాళ్లు పిళ్ళయారు, అంటే వినాయకుడి, భక్తులనుకుని దండం పెట్టేవాళ్లు. మేం దిద్దేవాళ్లం కాదు. ఎలా దిద్దుతాం, ఏమని చెబుతాం. అమ్మ దీపం పెట్టేటప్పుడు మాత్రం ఏనుగు వంక చూసేది కాదు, ఇంకా లోపలికి చూస్తున్నట్టుండేది.

నైనా పని మానలేదు. కానీ ఆయన పోస్టర్లు ఊడడం మొదలెట్టాయి. గాలి వీస్తే అంచులు లేచేవి, వానకి జారిపోయేవి. అచ్చాఫీసువాళ్లు మైదా తక్కువ వేస్తున్నావని తిట్టారు, కొన్నాళ్లకి వేరేవాళ్లని పెట్టుకున్నారు. అమ్మ అంతే మైదా వేసి కాచేది, నాకు తెలుసు. ఆయనే సందు చివర పంపు దగ్గర ఆగి నీళ్లు కలిపేవాడు. ఒకసారి నేను చూసి అడిగితే, "ఎవురికన్నా కావాలంటే ఊడి రావాల పాపా" అన్నాడు. ఆ మాట వల్ల ఆయన ఆ ఊళ్లో సంపాదించుకున్న పేరంతా పోయింది. చివరికి ఒక గోడౌను దగ్గర కాపలాగా కూర్చుని పోయాడు. ఆయన వెనక రెండేళ్లకి అమ్మ.

ఆ ఏనుగు మా తమ్ముడి దగ్గర ఉండిపోయింది. పోయిన ఏడు మణి కూడా పోయాడు. వాడి పదహారో రోజుకి కోయంబత్తూరు వెళ్లాను. కార్పొరేషను వాళ్లు లైను ఇళ్లు పడగొట్టి పక్కన ఫ్లాట్లు ఇస్తున్నారు, సామాన్లు సర్దుతున్నారు. కయల్ నన్ను బండి మీద ఊరంతా తిప్పింది. నైనా గోడలు ఒక్కటీ లేవు. ఉన్న గోడల మీద ఎవరో అందంగా బొమ్మలు గీశారు, అంటించకూడదని రాశారు. మిల్లు ఉన్నచోట అద్దాల కట్టడం లేచింది. బాగుంది, శుభ్రంగా ఉంది, బాగాలేదని నేనెందుకు అనాలి. మణి పోయిన రోజున కయల్ వాడి ఫొటో ఫోనులో స్టేటసుగా పెట్టిందట, ఎంతోమంది చూశారట. "ఇప్పుడు చూపించు" అన్నాను. "అది ఒక పొద్దే వుంటుంది అత్తా, అప్పురం దానంతట అదే పోతుంది" అంది. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, దాన్నేమంటాను. పదహారు రోజులు చోటు వదిలేసి చుట్టూ అంటించే మనిషి నాకు గుర్తొచ్చాడు, అంతే.

సామాన్లలో ఆ దిమ్మని చూసి కయల్ అడిగింది, "ఇందులో నిజంగా పెద్దనైనా వుండాడా? నైనా చెప్తే నేను కత అనుకున్నా." ఉన్నాడన్నాను. "ఎట్ల వుంటాడు?" అంది. వాడి మొహం తలుచుకోబోయాను. కూత వినిపించింది, వీపు కనబడింది, మడమలు కనబడ్డాయి. మొహం లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మా ఇంట్లో వాణ్ణి కళ్లారా చూసినవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నా దగ్గర కూడా లేకపోతే వాడి మొహం ఈ భూమ్మీద ఆ ఏనుగు వెనక తప్ప ఎక్కడా లేనట్టే. ఆ పొరలు విడదీయడం అమ్మ వద్దన్న పని, నేను చేయిస్తానన్నాను.

మధురైలో పాత కాగితాలు, పటాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడని కయల్ కనుక్కుంది. బస్సెక్కి వెళ్లాం. ఆయన పేరు వరదరాజు, నా వయసే ఉంటుంది. నా మాట వినగానే, "మాదీ తెలుగు ఇల్లేనమ్మా. మాకు మాట మట్టుకే, చదవను రాదు" అని బల్ల తుడిచి కుర్చీ వేశాడు. దిమ్మని తిప్పి తిప్పి చూసి, అంచుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "తుత్తం. అందుకే ఒక్క పురుగు లేదు. ఎవురు కాచినారో కాని మంచి చెయ్యి" అన్నాడు. మా అమ్మ చేతిని యాభై ఏళ్ల తరవాత మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. నీళ్లలో ముంచకూడదట. తడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, చెమ్మ దానంతటది లోపలికి దిగేదాకా ఆగాలట. మూడు రోజులు పడుతుందన్నాడు. ఆ మూడు రోజులూ లాడ్జిలో నాకు ఒకటే ధైర్యం, చూస్తే గుర్తుపడతాను, ఏడుగురిలోనైనా డెబ్భైమందిలోనైనా ఒక్క చూపులో గుర్తుపడతాను.

మూడో రోజు వెళ్లేసరికి బల్ల మీద పొరలన్నీ వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఏనుగు, నాదస్వరం, సైకిలు మనిషి, పూల ప్రదర్శన, రాజు వేషం. నాగన్న చివరి నాలుగు నెలల్లో ఆ ఊరు చేసుకున్న ఆదివారాలు, దాటుకుంటూ వెనక్కి నడిచాను. అన్నిటి మీదా వచ్చే ఆదివారం, తప్పక రండి, అందరూ రండి. చివరిది వేరే బల్ల మీద ఉంది, వెనక సున్నం మరకలతో. వరదరాజు మొహమాటంగా నిలబడి ఉన్నాడు. "అమ్మా, ఒక్కటి చెప్తాను. ఇది నేను తీసేటప్పుడు అయింది కాదు. ఆ పొద్దే, సిరా తడిగా వుండంగానే అయిండాది" అన్నాడు.

చూశాను. ఏడుగురు పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరు మొహాలు చక్కగా ఉన్నాయి, మీసకట్టు, నుదుటి మీద జుట్టు, నవ్వు ఆపుకుంటున్న పెదాలు, అన్నీ. ఎడమ నుంచి నాలుగో పిల్లవాడికి మెడ ఉంది, భుజాలున్నాయి, కట్టుకున్న చేతులున్నాయి. మొహం ఉండవలసినచోట నుదుటి నుంచి గడ్డం దాకా నల్లగా అలికేసి ఉంది, ఒక అరచేతి వెడల్పున. ఒకసారి, మళ్లీ ఒకసారి.

కయల్ ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి చూస్తూ, "ఏది అత్తా పెద్దనైనా, ఇదా? ఇదా?" అంటోంది. నేను నా కుడిచెయ్యి ఆ నలుపు మీద మెల్లిగా ఆనించాను. నా చెయ్యి చుట్టూ ఇంకా కొంచెం నలుపు మిగిలింది. ఆయన చెయ్యి నా చేతి కంటే పెద్దది.

"ఇతనే" అన్నాను.

"మొహం లేదే అత్తా."

"అందుకే చెప్తావుండా కణ్ణు. ఇతనే."